ఎర్తు గోతికి చెంబెడు నీళ్ళు

రండి, ఆ పీట లాక్కుని కూర్చోండి. భోగిమంట ఆరిపోయింది గానీ పండగ సెగ ఇంకా తగ్గలేదు. నాలుగు కబుర్లు చెప్పుకుందాం.

ఈ ఏడు మా మురమళ్ళలో భోగిమంట చుట్టూ చేరిన మగాళ్ళలో సగంమంది మాట్లాడింది పిడకల దండల గురించి కాదండీ, కిలోవాట్ల గురించి. మా వీధిలోకే నాలుగు కరెంటు కార్లు వచ్చాయి. హైదరాబాదు నుంచి రెండు, బెంగళూరు నుంచి మా మేనకోడలిది ఒకటి, విశాఖ నుంచి పక్కింటి అల్లుడుగారిది ఒకటి. మాది ఐదోది, ఊళ్ళోనే ఉంటుంది. రాత్రి చూస్తే ప్రతి ఇంటి కిటికీ ఊచల్లోంచీ ఒక వైరు జారి, ముగ్గు తొక్కకుండా పక్కగా పాకి, కారు బుగ్గలో దూరి ఉంది. అల్లుడుగారు అరిసెల పళ్ళెం పట్టుకునే అడిగిన మొదటి మాట, "మావయ్యగారూ, పదిహేను ఆంప్స్ ప్లగ్గు ఎక్కడుందండీ?" అని. పాపం మా పక్కింటాయన మరుగుదొడ్డి గురించి అడుగుతున్నాడనుకుని పెరటి వైపు చూపించాడు.

పట్నాల్లో ఇలాంటి కూడికని ఓనర్స్ మీట్ అంటారట. ఆదివారం పొద్దున్నే ఏదో హోటలు ముందు కార్లు వరసగా నిలబెట్టి, ఎవరి బండి ఎన్ని కిలోమీటర్లు ఇస్తోందో, ఎక్కడి చార్జరు పనిచేయడం లేదో చెప్పుకుని, టిఫిను తిని వెళ్ళిపోతారు. మాకు ప్రత్యేకంగా అలాంటిది అక్కర్లేదు. ఏటా సంక్రాంతికి ఎలాగూ అందరూ వస్తారు, టిఫినుకి లోటుండదు. పైగా కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా! కదలని రోజంటూ ఒకటుంటే చార్జింగుకి తొందరేముంది? మా కారు బేటరీ ముప్ఫై యూనిట్లది. మామూలు ప్లగ్గుకి పెడితే గంటకి మూడు యూనిట్లు ఎక్కుతుంది. పది గంటలన్నమాట. దారిలో సూర్యాపేట దగ్గర చార్జరు ముందు క్యూలో రెండు గంటలు నిలబడి వచ్చినవాళ్ళు ఆ రోజు మా అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న తీరు చూడాలి మీరు.

ఇలా చేరడంలో మనవాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయారు లెండి. 2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకి ఆస్కార్ వచ్చింది కదా, ఆ నెలలోనే అమెరికాలో న్యూజెర్సీ ఎడిసన్‌లో మన తెలుగువాళ్ళు తమ టెస్లా కార్లన్నీ ఒక పార్కులో వరసలుగా నిలబెట్టి, ఆ పాట దరువుకి హెడ్‌లైట్లన్నీ ఒక్కసారి ఆరి వెలిగేలా ఆడించారు. ఆ బళ్ళలో అలాంటి లైటు షో సదుపాయం ఉంటుంది. మన గోదావరి గట్టు కొవ్వూరులో పుట్టిన కీరవాణి కట్టిన పాటకి అక్కడి కార్లు కళ్ళార్పడం ఫోనులో చూసి మా అమ్మ, "బాగుందిరా, జాతర్లో ప్రభలకి సీరియలు లైట్లు పెట్టినట్టుంది" అంది. నాకూ అంతే అనిపించింది.

అయితే నా మనసు పోయేది ఆ లైట్ల మీదకి కాదు, బానెట్ ఎత్తేవాళ్ళ మీదకి. అసలు ఈ సంఘాల మొదలు చేతిపనేనండీ. 1967లో కాలిఫోర్నియాలో వాల్టర్ లాస్కీ అనే ఆయన ఎలక్ట్రిక్ ఆటో అసోసియేషన్ పెట్టాడు. అప్పట్లో కొందామంటే కరెంటు కారు దొరికేది కాదు. కాబట్టి సభ్యులే పాత కార్ల ఇంజన్లు పీకి, మోటార్లూ బేటరీలూ బిగించి, ఎలా బిగించామో ఒకరికొకరు చెప్పుకునేవారు. మన దగ్గరికొస్తే 2001లో బెంగళూరులో చేతన్ మైనీ రేవా కారు తెచ్చారు. గుర్తుందా, అగ్గిపెట్టెలాంటి బుల్లి కారు? దానివి లెడ్ యాసిడ్ బేటరీలు. ఆరు వోల్టులవి ఎనిమిది. ఇంట్లో ఇన్వర్టరుకి పోసినట్టే వాటికీ డిస్టిల్డ్ వాటరు పోయాలి. ఆ కారున్న వాళ్ళు సగం మెకానిక్కులు కాక తప్పేది కాదు. ఇప్పటి లిథియం బేటరీకి నీళ్ళూ లేవు, నూనే లేదు. పెట్టె మూసి సీలేసి ఇచ్చేస్తారు. దాంతో మనకి చేయడానికేమీ లేదనుకుంటాం. అక్కడే పొరపాటు పడేది.

మా కారు వచ్చిన మొదటి రాత్రి సంగతి చెబుతాను. వైరు తగిలించాను. చార్జరు డబ్బా మీద ఎర్ర దీపం టపటపా కొట్టుకుంది. కారు కరెంటు తాగనంది. తీసి పెట్టాను, తిప్పి పెట్టాను. ఊహూఁ. కంపెనీకి ఫోన్ చేయాలా, అమ్మినవాణ్ణి తిట్టాలా అనుకుంటుంటే, మా ఊళ్ళో కరెంటు పనిచేసే కుర్రాడు హోల్డరుకి రెండు వైర్లు కట్టిన బల్బు ఒకటి పట్టుకొచ్చాడు. ఒక వైరు ఫేజులో, ఒకటి న్యూట్రల్‌లో పెట్టాడు. బల్బు భళ్ళున వెలిగింది. న్యూట్రల్‌లోది తీసి ఎర్తులో పెట్టాడు. మిణుగురు పురుగంత వెలుగు! "ఆయ్, ఇంటికి ఎర్తే లేదండీ మీకు" అన్నాడు. గోడ వెంబడి ఎర్తు వైరు పట్టుకుపోతే, కిందటిసారి టైల్స్ వేయించినప్పుడు ఎవరో కత్తిరించి, కొసని సిమెంటులో కప్పెట్టేశారు. పదేళ్ళుగా ఫ్రిజ్జు, గ్రైండరు, గీజరు అన్నీ అలాగే నడిచాయి. ఒక్కటీ నోరెత్తలేదు. కారే మొదట అడిగింది. ఆ వైరే సరిగ్గా ఉంటే షాకు మనిషి దాకా రాకుండా నేలలోకి పోతుంది. అది లేదని తెలిసి కారు తాగనంటే, తప్పు కారుదా నాదా చెప్పండి.

మర్నాడు బావి గట్టు పక్కన గొయ్యి తవ్వాడు. ఎనిమిదడుగుల జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు ఒక వరస, కళ్ళుప్పు ఒక వరస వేసి, పైన గరాటా పెట్టి కప్పాడు. బల్బు పెట్టి చూస్తే ఈసారి ఎర్తులోనూ భళ్ళున వెలిగింది. అయితే మాది పైన ఇసక నేల కదండీ. మే నెలలో ఆ పైపు చుట్టూ ఎండిపోయి మళ్ళీ ఎర్ర దీపం వెలిగింది. అప్పటినుంచీ మా అమ్మ పొద్దున్నే తులసికోటకి నీళ్ళు పోసిన చెంబుతోనే ఆ గరాటాలో కూడా చెంబెడు పోస్తోంది. కారు నిర్వహణలో మా ఇంట్లో అతి ముఖ్యమైన పని ఎనభై దాటిన ఆవిడ చేతిలో ఉంది. ఆవిడకి డ్రైవింగు రాదు.

ఇక కనుమ నాటి వర్క్‌షాపు. గొప్ప పేరు పెట్టేశాను గానీ ఐదు కార్లూ, ఒక స్క్రూడ్రైవరూ, గాలి కొట్టే బుల్లి పంపూ, రెండు గంటలకోసారి గారెలూ. ముందు కేబిన్ ఫిల్టర్లు తీశాం. గ్లోవ్ బాక్సు దింపితే వెనకాల ఉంటుంది, ఐదు నిమిషాల పని. ఐదు ఫిల్టర్లూ అరుగు మీద పరిస్తే ఏది ఎవరిదో అడగనక్కర్లేదు. హైదరాబాదువి రెండూ మసిబారి తారురోడ్డు ముక్కల్లా ఉన్నాయి. విశాఖ దానికి ఎర్రధూళి. మాదాంట్లో వరి పొట్టూ, కొబ్బరి పీచు నలుసులూ, ఒక ఎండిన వేపాకు. "మావయ్యా, నీ ఊపిరితిత్తులే నయం" అంది మేనకోడలు.

తర్వాత మేనకోడలి వంతు. అగ్గిపెట్టంత డాంగిల్ ఒకటి స్టీరింగు కింద గుచ్చి, ఫోనులో బేటరీ లోపలి సెల్లులన్నిటి వోల్టేజీలూ చూపించింది. 3.31, 3.31, 3.30... వరసగా పంచాంగంలా. "అన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయంటే ఆరోగ్యమే. ఒక్కటి పక్కకి జారిందంటేనే గొడవ. బీపీ చూసుకోవడం లాంటిది ఇది" అంది. మా బేటరీ ఐరన్ ఫాస్ఫేటు రకం. దాన్ని అప్పుడప్పుడూ నూటికి నూరూ నింపకపోతే మీటరుకి లెక్క తప్పుతుందనీ, ఎనభైలో ఆపేసి మురిసిపోవద్దనీ నాకు చీవాట్లు పెట్టింది. రెండేళ్ళుగా నేను ఎనభైలోనే ఆపుతున్నాను మరి, ఎవరో చెప్పారని.

బ్రేకుల సంగతి మాత్రం మా ప్రాంతపు తెలివి. ఈ కార్లలో కాలు తీస్తే మోటారే బండిని లాగిపట్టి, ఆ ఊపుని కరెంటుగా వెనక్కి పంపుతుంది. కోనసీమలో కొండలుండవు, వంతెనలే మా కొండలు. ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కేటప్పుడు తాగిన దాంట్లో కొంత యానాం వైపు దిగేటప్పుడు తిరిగి కక్కుతుంది. బాగానే ఉంది. కానీ దానివల్ల అసలు బ్రేకు వాడకం తగ్గిపోయి, సముద్రపు ఉప్పుగాలికి డిస్కులు తుప్పెక్కుతాయి. వారానికోసారి ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, రెండు మూడుసార్లు గట్టిగా తొక్కితే ఆ తుప్పు రాలిపోతుంది. ఇది విని హైదరాబాదు బావ నవ్వాడు. అక్కడ ఖాళీ రోడ్డెక్కడ దొరుకుతుందన్నది ఆయన బాధ.

బానెట్ కింద నారింజ రంగు వైర్లుంటాయి. వాటి దగ్గరికొచ్చేసరికి మా వర్క్‌షాపు చేతులు కట్టుకుంటుంది. వాటిలో పారేది 300 వోల్టుల పైమాటే, అదీ డీసీ. అక్కడ నేర్పరితనం చూపించబోయిన అల్లుడుగారి చెయ్యి మా మేనకోడలు చట్టున వెనక్కి లాగింది. స్కూటర్లవాళ్ళకీ ఒక మాట: బేటరీ ఊడదీసి పడగ్గదిలో చార్జింగు పెట్టకండి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో అలాగే పేలి ఒకాయన ప్రాణం పోయింది.

పన్నెండు వోల్టుల కథ చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మా ఊరి వీరేశ్వరస్వామికి ఏడాది పొడుగునా రోజూ సాయంత్రం కల్యాణమే కదా, పెళ్ళి ఆలస్యమవుతున్న వాళ్ళు ఎక్కడెక్కడినుంచో వచ్చి జరిపించుకుంటారు. కిందటి శ్రావణంలో ఒక కుటుంబం కరెంటు కారులో వచ్చి, ఉదయం సత్రం ముందు ఆపారు. సాయంత్రం చూస్తే తలుపు రాదు, దీపం లేదు, అలికిడి లేదు. పట్టుబట్టలన్నీ డిక్కీలో. పెద్ద బేటరీ నిండుగానే ఉంది. కానీ దాన్ని మేలుకొలిపే చిన్న పన్నెండు వోల్టుల బేటరీ చచ్చిపోయింది. ఇంట్లో గోలెం నిండా బియ్యమున్నా అగ్గిపుల్ల లేనట్టు. రిమోట్ తాళంలోనే దాగి ఉండే ఇనప తాళంచెవి తీసి తలుపు తెరిచాం. పక్కన ఆటో అతన్ని బతిమాలితే, "ఇంత కారుకి నా బేటరీయా అండీ?" అంటూనే తెచ్చి తీగలు కలిపాడు. లోపలెక్కడో టక్కుమని చప్పుడు. ఆ పెద్ద బేటరీ తలుపు తీసుకున్న చప్పుడది. తెరలన్నీ వెలిగాయి. స్వామివారికి జీలకర్రా బెల్లం పెట్టే వేళకి కాబోయే పెళ్ళికొడుకు గారు పట్టుపంచెలోనే ఉన్నారు.

వరదల మాట కూడా అడుగుతారు మీరు. బేటరీ పెట్టెకి ఐపీ 67 అని ముద్ర ఉంటుంది. మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచినా లోపలికి చుక్క పోకూడదని దాని అర్థం. మన గోదావరికి అరగంటలో దిగిపోయే అలవాటు లేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. కాబట్టి రెండో ప్రమాద హెచ్చరిక వినగానే కారు తీసుకెళ్ళి ఎత్తుమీదున్న రోడ్డు పక్కన పెట్టడమే. 1996 తుపాను చూసినవాళ్ళకి ఇంకో భయం కూడా ఉంది, కరెంటు రోజుల తరబడి రాదని. అందుకని వాయుగుండం మాట రేడియోలో వినబడగానే మా వీధిలో కార్లన్నీ కడుపునిండా తాగేస్తాయి.

ముక్కనుమ వెళ్ళాక వైర్లు చుట్టుకుని ఒక్కొక్కరే బయల్దేరారు. వీధి బోసిపోయింది. మేనకోడలు రావులపాలెం దాటాక ఫోన్ చేసింది. "మావయ్యా, ఏసీ వేస్తే కారంతా చుట్ట కంపు కొడుతోంది. నిజం చెప్పు, ఎవరి పనిది?"

కోతల తర్వాత ఎలకలు ఊళ్ళోకొచ్చి వైర్లు కొరికేస్తాయని మా అమ్మ ఐదు కార్ల బానెట్లలోనూ గుప్పెడేసి పొగాకు కాడలు పెట్టించిందట. నాకూ ఇప్పుడే తెలిసింది.