బోయిన్ వంపున న్యూగ్రేంజి

ఐర్లండు దేశమున, కిల్డేరు మండలమునందలి కార్బరీ చెంత ట్రినిటీ బావియొద్ద పుట్టి, మీత్ మండలపు పచ్చికబయళ్ల నడుమ మెల్లగా సాగి, రమారమి 112 కిలోమీటర్ల పయనము ముగించి ఐరిష్ సముద్రమున లీనమగు బోయిన్ నది, నిడివినిబట్టి చూచిన స్వల్పమైనదే. అయినను ఆ దేశపు పూర్వులు దానిని దేవతగా నెంచిరి. బోఆన్ అను స్త్రీ నిషిద్ధమైన బావిని సమీపింపగా జలములు పొంగి యామెను సముద్రము వఱకు తఱిమిన వనియు, అవి పాఱిన త్రోవయే యీ నది యనియు ప్రాచీనగాథ చెప్పుచున్నది.

ట్రిమ్ పట్టణమున హ్యూ డి లేసీ కట్టింప నారంభించిన నార్మను కోటయు, బెక్టివ్ మఠ శిథిలములును, బ్లాక్‌వాటరు వచ్చి కలియు నావన్ పట్టణమును, స్లేన్ కొండయు దర్శనీయములే యైనను, నన్ను నిలిపివేయునది స్లేనునకు దిగువ, నది దక్షిణమునకు వంగి మరల తిరుగు చోటు.

ఆ వంపున నౌత్, న్యూగ్రేంజి, డౌత్ అను మూడు టౌన్‌లాండ్లు కలవు. కొన్ని పొలములును కొన్ని యిండ్లును గలిగి, వాగో కంచెయో హద్దుగా, పల్లెకంటెను చిన్నవైన యిట్టి భూవిభాగములు ఐర్లండున అఱువదివేలకు మించియున్నవి. 19వ శతాబ్దమున మైలునకు ఆఱంగుళముల లెక్కను దేశపటములు సిద్ధమగుచుండగా, జాన్ ఓడోనవన్ అను పండితుడు మండలములు తిరిగి, ఆ నేలపై బ్రతుకు వృద్ధుల నోట నీ పేర్లు విని వ్రాసికొనెను. అట్లు వినుట యెంత గొప్ప విద్యయో న్యూగ్రేంజి వృత్తాంతమే చాటును.

మెల్లిఫాంట్ మఠపు సిస్టర్షియను సన్న్యాసుల వ్యవసాయక్షేత్రమై యీ పేరు దాల్చిన యా నేలపై, క్రీ. పూ. 3200 ప్రాంతమున, గీజా పిరమిడ్లకంటె పూర్వమే, కర్షకులు 97 పెనుశిలలను అంచుగా నమర్చి యొక సమాధిదిబ్బను నిర్మించిరి. 1699లో భూస్వామి చార్లెస్ క్యాంబెల్ పనివారు రాళ్లకొఱకు త్రవ్వగా దాని ద్వారము బయటపడినది. 1962 మొదలుకొని యచట త్రవ్వకములు నెఱపిన ఆచార్య మైకేల్ ఓకెలీ, ఏదో యొక వేళ సూర్యుడు లోపలి ముచ్చుట్టు చెక్కడమును వెలిగించునని జనులు చెప్పుకొను మాటను త్రోసిపుచ్చక, 1967 డిసెంబరు 21న వేకువనే గర్భగృహమున నొంటరిగా వేచియుండెను. ద్వారముపై నున్న గవాక్షమునుండి సూర్యకిరణము దూఱి, 19 మీటర్ల రాతినడవను దాటి, గది నేలపై ప్రసరించి చీకటిని చీల్చినది. నాటి నుండి పండితలోకమా జనశ్రుతిని గౌరవించుచున్నది. సంవత్సరమున మిక్కిలి హ్రస్వమైన పగటిని గుర్తించి, వెలుగు పెరుగనారంభించు నా దినమును రాతికట్టడమున నిలిపిన యా సేద్యగాండ్ర జ్ఞానమునకు నమస్కరింపక యుండజాలను.

ఆ వంపు దాటిన పిమ్మట ఓల్డ్‌బ్రిడ్జి యొద్ద 1690లో విలియము, జేమ్సు రాజుల సైన్యములు నది దాటు రేవులకై పోరాడినవి. చరిత్రగ్రంథములు ఆ కయ్యమును విస్తరించి చెప్పినవి కనుక నేను విరమించెదను. అంతకంటె, హేజెలు కొమ్మల నల్లి, ఎద్దుతోలు తొడిగిన గుండ్రని చిన్నపడవలలో ఇటీవలి తరముల వఱకును సాల్మను చేపలు పట్టిన బోయిన్ జాలరుల పనితనమే నా మనస్సు నాకర్షించును. ద్రొహెడాలో 1855లో పూర్తియైన రైలువంతెన క్రిందుగా సాగిన నది, మార్నింగ్టన్, బాల్ట్రే గ్రామముల నడుమ సముద్రమును చేరుచున్నది.