ప్యాసింజరు బండి

ఫిబ్రవరి 5, 2025
ఫుకెట్‌కి విమానం టికెట్ తీస్తానంది అమ్మాయి. వద్దన్నాను. బ్యాంకాక్‌లో ఆమె పదో అంతస్తు ఫ్లాట్, ఏసీ, నిశ్శబ్దం... చాలు.

థోన్‌బురి స్టేషన్లో ఎక్కాను. మూడో తరగతి. ఫ్యాన్లు, తెరిచిన కిటికీలు. టికెట్టు వంద బాత్ కూడా కాలేదు. ప్రతి చిన్న స్టేషన్లోనూ ఆగుతోంది, ఎవరికీ విసుగు లేదు. కాల్చిన కోడి, జిగురన్నం అమ్ముకుంటూ ఒకామె అటూ ఇటూ తిరుగుతోంది. నేను చపాతీ తీశాను. సంచిలో కందిపొడి ఉంది, గోంగూర సీసా ఉంది. సోంగ్‌ఖ్లాలో 17 నుంచి గది చెప్పి పెట్టాను. ఈలోపు ఏ ఊళ్ళో ఎన్ని రాత్రులో కాగితం మీద వేసుకున్నాను.

ఫిబ్రవరి 6, ఫెచబురి
ఎటు చూసినా తాటిచెట్లే. కళ్ళు మూసి దింపితే బాపట్ల దారి అనుకునేవాణ్ణి.

తాటిపండు గుజ్జులో బియ్యప్పిండి కలిపి చిన్న గిన్నెల్లో ఆవిరికి పెడతారు. పైన కొబ్బరి కోరు. పసుప్పచ్చగా, దూదిలా. లేత కాయ పైభాగాన్ని ముక్కలు కోసి కొబ్బరిపాలతో కూర కూడా చేస్తారు. మనం ముంజలు తీసుకుని మిగతాది పశువులకు పడేస్తాం. 2021లో ఈ ఊరికి యునెస్కో వాళ్ళు వంటల నగరం హోదా ఇచ్చారు. ఇవ్వాల్సిందే.

రాత్రికి కందిపొడి కలుపుకోలేదు.

ఫిబ్రవరి 8
హువా హిన్‌లో పాత చెక్క స్టేషన్ బొమ్మలా అలాగే ఉంది. బండ్లు పక్కనే పైవంతెన మీద నడుస్తున్నాయి. దిగాలనిపించలేదు. కాగితం మీద మాత్రం రెండు రాత్రులని ఉంది.

ఫిబ్రవరి 9, ప్రచువాప్
సముద్రం గట్టున సోమ్‌తమ్ బండి. అరగంట నిలబడి చూశాను.

పచ్చి బొప్పాయిని అరచేతిలో పట్టుకుని కత్తితో టకటకా నిలువు గాట్లు పెట్టింది. పైపైన చెక్కితే సన్నటి పోగులు రాలాయి. మట్టి రోలు, కర్ర రోకలి. ముందు వెల్లుల్లి, మిరపకాయలు. ఎన్నని వేళ్ళు చూపించి అడిగింది. డాక్టరు గుర్తొచ్చాడు. ఒక వేలు చూపించాను. నవ్వింది. తర్వాత తాటిబెల్లం, నిమ్మరసం, చేపల సాస్, ఎండురొయ్యలు, వేరుశనగ గుళ్ళు. కుడిచేత్తో దంచుతోంది, ఎడంచేతి గరిటెతో అడుగునున్నది పైకి తిప్పుతోంది. నూరదు. నలగ్గొట్టి వదిలేస్తుంది. బొప్పాయి కరకర పోకూడదు.

మిర్చి యార్డులో తేజ, 334 రకాలు విరిచి చూసి ఘాటు చెప్పినవాణ్ణి. ఒక వేలా?

ఫిబ్రవరి 10
రెండు వేళ్ళు.

మన ఎండుమిరప మింగాక మండుతుంది. ఈ పచ్చి చిట్టిమిరప నాలిక మీదే తేల్చేస్తుంది. ముక్కు కారింది, కళ్ళు కారాయి. రాత్రి గ్యాస్ రాలేదు. ఎందుకు రాలేదో మరి.

ఫిబ్రవరి 12
మాఘ పౌర్ణమి. ఇక్కడా పండగే, మాఖ బుచ అంటారు. ఇవాళ మందు అమ్మరు. సాయంత్రం తామరమొగ్గ, అగరొత్తులు, కొవ్వొత్తి చేత పట్టుకుని గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు. నేనూ తిరిగాను.

పొద్దున్నే సముద్రంలో మూడు మునకలు వేశాను. సూర్యలంకలో ఈపాటికి ఇసుకేస్తే రాలనంత జనం. మా ఆవిడతో చివరిసారి అక్కడికి వెళ్ళింది... కరోనాకి ముందా, తర్వాతా? తర్వాత ఎలా అవుతుంది.

తడిబట్టలతో వస్తుంటే గది అద్దెకిచ్చిన ఆవిడ ఏదో అంది. తిట్టే అయి ఉంటుంది. తువ్వాలు ఇచ్చింది.

ఫిబ్రవరి 13
ఆవ్ మనావ్. వైమానిక దళం గేటు దాటి, రన్‌వే దాటి వెళ్తే బీచి. కళ్ళ చుట్టూ తెల్ల సున్నాలు గీసినట్టుండే కొండముచ్చులు. పిల్ల మాత్రం నారింజ రంగు. తల్లి పొట్టకి కరుచుకుని మమ్మల్ని చూస్తోంది. 1941 డిసెంబరు 8న జపాన్ వాళ్ళు ఈ ఊరి ఒడ్డునే దిగారు. ఇప్పుడు ఈత ట్యూబులు అద్దెకిస్తున్నారు.

అమ్మాయి ఫోను. "నాన్నా, ఎక్కడున్నావ్?" ప్రచువాప్ అన్నాను. "ఇంకా అక్కడేనా!"

ఫిబ్రవరి 15, వా కో
1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణం. రాజు మోంగ్‌కుట్ రెండేళ్ళ ముందే లెక్క కట్టాడు. అప్పుడిది అడవి. ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుల్నీ సింగపూర్ నుంచి బ్రిటిష్ గవర్నర్నీ పిలిచి ఇక్కడ విడిది ఏర్పాటు చేశాడు. లెక్క తప్పలేదు. మలేరియా పట్టుకుంది. అక్టోబరు 1న పోయాడు.

ఆ రోజు పొద్దున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ పరికరాలు పెట్టుకుని కూర్చుంది మా గుంటూరులో. హీలియం మా ఊళ్ళో దొరికిందని బళ్ళో మేష్టారు గొప్పగా చెప్పేవారు. అదే నీడ బంగాళాఖాతం దాటి ఇక్కడికి వచ్చింది. ఈ రాజు సంగతి ఒక్క మేష్టారూ చెప్పలేదే!

బడిపిల్లలు అక్వేరియం దగ్గర గోల గోల. నీడలో కూర్చుని చాలాసేపు ఉండిపోయాను.

ఫిబ్రవరి 16
తులసాకు వేసి కోడి వేపుడు. పైన గుడ్డు. తులసికోట దగ్గర రోజూ దీపం పెట్టిన మనిషి ఉంటే ఈ పళ్ళెం ముట్టనిచ్చేదా?

తిన్నాను. బాగుంది. ఏం చెయ్యను.

ఫిబ్రవరి 17
మార్కెట్లో ఎండుమిరప గోతం. ఒకటి విరిచి వాసన చూశాను. తేజ! కమీషన్ కొట్లో థాయ్‌లాండ్ బస్తాల చిట్టాలు నేనే రాసేవాణ్ణి. అమ్మే అతనికి గుంటూరు గుంటూరు అని చెప్పాను. ధర తగ్గించమంటున్నాననుకుని తల అడ్డంగా ఊపాడు.

ఫిబ్రవరి 18
సోంగ్‌ఖ్లా గది వదులుకున్నాను. అడ్వాన్సు పోతే పోయింది. ఇక్కడ నెలాఖరు దాకా అద్దె కట్టేశాను. అమ్మాయికి ఇంకా చెప్పలేదు.

మధ్యాహ్నం గది ఆవిడ కెంగ్ సోమ్ పెట్టింది. పసుపు, చింతపండు పులుపు, రొయ్యల ముద్ద, సముద్రపు చేప. తాలింపు లేదు, నూనె చుక్క తేలలేదు. ఒక్క తాటిబెల్లం మాత్రం ఇంకాస్త పడాలి. అది తప్ప వంక పెట్టడానికి లేదు. ఇలాంటి చేపల పులుసు గుంటూరు జిల్లా మొత్తంలో దొరకదు. కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నా పెడతాను.