వెండి గనుల కొండ మీద పొడి కాళ్లు

నస్పూర్‌లో జనవరి చలికి ఒక స్వెటర్, ఒక మంకీ క్యాప్ చాలు. మొదటి పాలికి (షిఫ్టుకు) పోయేవాళ్లు మఫ్లర్ చుట్టుకుని బయల్దేరతారు. పది గంటలకల్లా ఎండ చురుక్కుమంటుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే బొగ్గు బెల్టు మాది. సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా బొగ్గుబాయిల్లో పనిచేసి రిటైరైన నేను 2025 జనవరి ఆఖర్లో అమెరికాలోని యూటా రాష్ట్రానికి వెళ్లాను. మా అమ్మాయి వాళ్లు సాల్ట్‌లేక్ సిటీలో ఉంటారు. అక్కడికి దగ్గర్లోనే పార్క్ సిటీ. స్కీయింగ్ చూడాలని, ఒళ్లు సహకరిస్తే నేర్చుకోవాలని నా కోరిక.

సాల్ట్‌లేక్ నుంచి పార్క్ సిటీ యాభై కిలోమీటర్ల లోపే. పార్లీస్ లోయ గుండా ఐ-80 రోడ్డు ఎక్కుతూ పోతుంది. ఊరు ఉన్నది దాదాపు 7,000 అడుగుల ఎత్తున. ఇంటి దగ్గర కారులో సామాను సర్దేటప్పుడు మా అల్లుడు స్కీ బూట్లను డిక్కీలో పెట్టలేదు. ముందు సీటు కింద, హీటర్ గాలి తగిలేచోట పెట్టాడు. "డిక్కీలో గడ్డకట్టిన బూటు కాలికి ఎక్కనే ఎక్కదు మామయ్యా. ఎక్కినా కాల్లోని వేడిని అదే లాగేస్తుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇది నాకు తెలిసిన విషయమే అనిపించింది. గమ్ బూట్లలో కాళ్లు నాని, వేళ్ల సందుల్లో ఒరుసుకుపోయిన మనిషికి బూటు విలువ ఒకరు చెప్పాలా?

పార్క్ సిటీ పుట్టిందే గనుల మీద. 1860ల చివర్లో ఇక్కడి కొండల్లో వెండి దొరికింది. 1902 జులైలో డేలీ వెస్ట్ గనిలో మందుగుండు పేలి 34 మంది చనిపోయారు. ఇరవయ్యో శతాబ్దం నడుమకి వచ్చేసరికి వెండికి గిరాకీ తగ్గి ఊరు ఖాళీ అవసాగింది. అప్పుడు గనుల కంపెనీయే ప్రభుత్వ అప్పు తెచ్చి, 1963 డిసెంబర్‌లో తన కొండ మీద స్కీ రిసార్ట్ తెరిచింది. ఇప్పటికీ అక్కడి లిఫ్టుల పేర్లు పేడే, బొనాంజా, సిల్వర్‌లోడ్. మంచులో జారుతూ పోయేవాళ్ల పక్కనే సిల్వర్ కింగ్ గని పాత కట్టడాలు నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తే, బొగ్గు అయిపోయాక మన ఊళ్లు ఏమవుతాయన్న ఆలోచన ఇప్పుడే మొదలుపెట్టాలనిపించింది.

అక్కడ నన్ను బాగా కట్టిపడేసింది 1960ల నాటి ఒక ఏర్పాటు. స్పైరో అనే సొరంగంలో స్కీలు పట్టుకున్న జనాన్ని గని రైలెక్కించి, కొండ లోపలికి దాదాపు 5 కిలోమీటర్లు తీసుకుపోయేవారు. అక్కడ కార్మికులు ఎక్కే లిఫ్టు కేజ్‌లోనే 1,700 అడుగులకు పైగా పైకి లేపి, థేన్స్ షాఫ్ట్ దగ్గర మంచు మీద దించేవారు. కొన్నేళ్లే నడిచింది. సొరంగం పైకప్పు నుంచి కారే నీళ్లు బట్టల మీద పడేవి. పైకి రాగానే చలిగాలికి ఆ తడి మంచయ్యేది. అదే సొరంగం నీళ్లు ఇవాళ పార్క్ సిటీ జనం తాగుతున్నారు.

చలిని తట్టుకోవచ్చు, తడిని తట్టుకోలేం. కాళ్ల విషయంలో స్కీయింగ్ కిటుకంతా ఇదే.

అద్దె బూట్ల దుకాణంలో కుర్రవాడు ముందు నా సాక్సు చూశాడు. పలచని మెరినో ఉన్నిది, మోకాలి దాకా వచ్చేది, ఒక్కటే జత. అమ్మాయి ముందే కొనిపెట్టింది. నూలు సాక్సు చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. రెండు జతలు వేస్తే బూటు బిగిసి రక్తం వేళ్లదాకా పోదు. రక్తం పోని కాలు ఎంత మందపు సాక్సులోనైనా చల్లబడుతుంది. బూటు తొడిగి నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు గోడను తాకీ తాకనట్టు ఉండాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. సరైన కొలత అది. ఇంటి నుంచి వచ్చిన సాక్సుతోనే కొండెక్కకుండా, కారు దిగాక పొడిది మార్చుకోవాలని కూడా ఆ కుర్రవాడే చెప్పాడు.

వేళ్ల మీద అంటించుకునే వెచ్చటి పొట్లాలు కూడా అమ్ముతారు. వాటిలో ఇనుప పొడి, ఉప్పు, కాస్త బొగ్గుపొడి ఉంటాయి. గాలి తగలగానే ఇనుము తుప్పు పడుతూ వేడి పుట్టిస్తుంది. బిగుతు బూటులో గాలి ఆడదు కాబట్టి కొంచెం ముందే విప్పి, సాక్సు పైన, వేళ్ల మీదుగా అంటించాలి. అరికాలి కింద పెడితే నడక చెడుతుంది. షుగర్ ఉన్న మన పెద్దవాళ్లు మాత్రం వీటి జోలికి పోవద్దు. స్పర్శ తగ్గిన కాలికి కాలిన సంగతి తెలియదు.

ఫస్ట్ టైమ్ అనే లిఫ్టు దగ్గర నా పాఠం మొదలైంది. మైనస్ పది డిగ్రీల ఉదయం. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరానికి పెడితే వేగం తగ్గుతుంది. బరువు కుడికాలి మీద వేస్తే ఎడమకు తిరుగుతాం. లిఫ్టులో కూర్చున్నప్పుడు మా మనవడు నా బూట్ల పైరెండు బకిళ్లు వదులు చేశాడు. "కాళ్లు ఊపు తాతా, రక్తం కిందికి దిగుతది" అన్నాడు. ఊపాను. మొద్దుబారిన వేళ్లలోకి మెల్లగా చిమచిమలాడుతూ ప్రాణం వచ్చింది. ఒంటికి చలేస్తే శరీరం ముందు గుండెను కాపాడుకుని, కాళ్లకూ చేతులకూ రక్తం తగ్గిస్తుంది. కాబట్టి కాళ్లు వెచ్చగా ఉండాలంటే తలకు టోపీ, ఛాతీకి మంచి కోటు, కడుపులో తిండి ఉండాలి. వేళ్లు తెల్లబడి స్పర్శ పోతే వెంటనే లోపలికి వెళ్లి గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలి. రుద్దకూడదు.

సాయంత్రం ఇంట్లో బూట్ల లోపలి మెత్తటి పొరలు లాగి ఆరబెడుతుంటే స్కీ లిఫ్టుల సీజన్ పాస్ సంగతి వచ్చింది. మంచిర్యాల నుంచి రోజూ రైల్లో పోయేవాళ్లు సీజన్ టికెట్ ఎలా కొంటారో ఇదీ అంతే. తేడా ఏమిటంటే తక్కువ ధరకు కావాలంటే దీన్ని వేసవి రాకముందే కొనాలి. పార్క్ సిటీలో చెల్లే ఎపిక్ పాస్ 2024 వసంతంలో 982 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. తర్వాత ధర పెరుగుతూ పోయి, డిసెంబర్ మొదట్లో అమ్మకం ఆగిపోతుంది. ఆ సీజన్‌లో రద్దీ రోజుల్లో కౌంటర్ దగ్గర ఒక్కరోజు టికెట్ 300 డాలర్లు దాటింది. నాలుగు రోజులు పోతే పాస్ డబ్బు వచ్చినట్టే. అప్పుడే 731 డాలర్ల లోకల్ పాస్ కూడా ఉండేది. అయితే క్రిస్మస్ సెలవుల్లో, జనవరి, ఫిబ్రవరి పొడుగు వారాంతాల్లో పార్క్ సిటీలో అది చెల్లేది కాదు. పోటీగా ఉన్న ఐకాన్ పాస్ ఆ ఏడు 1,249 డాలర్లకు వచ్చింది. దాంట్లో సాలిట్యూడ్ రిసార్టుకు ఎన్నిరోజులైనా పోయే వీలుండేది, డీర్ వ్యాలీ, ఆల్టా, స్నోబర్డ్ రిసార్టులకు లెక్కపెట్టిన రోజులే. నాలుగు రోజులు కూడా పోలేనివారికి రోజుల లెక్కన ముందే కొనుక్కునే చిన్న పాస్‌లే మేలు.

పాస్ అంటే ముందే కట్టేసిన డబ్బు అని మరవకూడదు. మేం వెళ్లడానికి ముందు, 2024 డిసెంబర్ 27న, పార్క్ సిటీ స్కీ పెట్రోల్ కార్మికులు సమ్మెకు దిగారు. దాదాపు రెండు వందల మంది. మొదటి వేతనం గంటకు 21 డాలర్ల నుంచి 23కు పెంచాలన్నది వారి ముఖ్య కోరిక. తెల్లవారకముందే మందుగుండు పేల్చి ప్రమాదకరమైన మంచును దించేది, దెబ్బ తగిలినవాళ్లను కిందికి చేర్చేది వాళ్లే. మన షాట్‌ఫైరర్, మన రెస్క్యూ టీం రెండూ వాళ్లే అన్నమాట. వాళ్లు లేక కొండలో చాలా భాగం మూతపడింది, లిఫ్టుల దగ్గర గంటల కొద్దీ క్యూలు. జనవరి 8న ఒప్పందం కుదిరి జీతాలు పెరిగాయి. సింగరేణి సమ్మెలు చూసిన నాకు వాళ్లు గెలవడం ఎంతో సంతోషమనిపించింది.

"వచ్చే ఏడు ఏ పాస్ తీసుకుందాం బాపూ?" అంది అమ్మాయి. ఆమెకు ఆఫీసు సెలవు మంగళవారం, కాబట్టి లోకల్ పాస్ సరిపోతుంది. మనవడికి బడి సెలవులే దొరికే రోజులు, వాడికి పూర్తి పాస్ కావాలి. ఒకే ఇంట్లో రెండు రకాలు కొనడం తప్పేమీ కాదు. ఎన్ని కొండలు ఇస్తున్నారన్నది పక్కన పెట్టి, మనకు నిజంగా దొరికే రోజులు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని లెక్కేయమన్నాను. అంతకంటే ముందు పిల్లవాడికి సరిపోయే బూటు, రెండు మంచి ఉన్ని సాక్సుల జతలు కొనమన్నాను. కాళ్లు చల్లబడ్డ పిల్లలు గంటలోనే ఇంటికి పోదామంటారు, ఆ నాలుగు రోజులు ఎప్పటికీ పూర్తికావు. పొడి కాళ్లున్నవాడికే పాస్ డబ్బు గిట్టుబాటవుతుంది.