తుర్కపల్లి శుభ్రగదులు, మేకప్ కుంచెలు

సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటిన తరువాత వచ్చే తుర్కపల్లి, పేరుకు పల్లె అయినా, జీనోమ్ వ్యాలీగా ప్రసిద్ధమైన జీవసాంకేతిక పరిశ్రమల వాడకు ముఖ్యమైన చిరునామా. 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సహకారంతో ఐసీఐసీఐ ప్రారంభించగా ఇప్పుడు ఐకేపీ నాలెడ్జ్ పార్క్‌గా వ్యవహరిస్తున్న 200 ఎకరాల పరిశోధన ప్రాంగణమూ, కొవాగ్జిన్ టీకాను తయారుచేసిన భారత్ బయోటెక్ సంస్థా ఇక్కడే ఉన్నాయి. రహదారి నుంచి లోపలికి మళ్లిన సందర్శకులకు పొడవాటి ప్రహరీలూ కాపలా గేట్లూ తప్ప పెద్దగా ఏమీ కనిపించవు గాని, ఆ గోడల లోపల పాటించవలసిన ఒక నియమం అలంకరణ సామగ్రిని వాడే ప్రతి ఇంటికీ పనికివచ్చేదే.

సూక్ష్మజీవి రహితమైన మందులు, టీకాలు నింపే గదులను శుభ్రగదులంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉత్పత్తి ప్రమాణాల ప్రకారం వాటిలోకి వెళ్లేవారు చేతి గడియారం, నగలతో పాటు ముఖాలంకరణను కూడా విడిచిపెట్టాలి. ఎందుకంటే ముఖానికి పూసిన పొడి రేణువులుగా రాలుతుంది, ఆ రేణువులతో పాటు చర్మం మీది సూక్ష్మజీవులూ గాలిలోకి చేరతాయి. ముఖం మీద నిలిచిన పొడికే ఇంత జాగ్రత్త అవసరమైతే, ఆ పొడినీ, చర్మపు జిడ్డునీ, మృతకణాలనూ తనలో పోగుచేసుకునే కుంచె విషయంలో అశ్రద్ధ తగదు. బ్రిటన్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రకటించిన అధ్యయనంలో వాడకంలో ఉన్న అలంకరణ వస్తువుల్లో అత్యధిక భాగం సూక్ష్మజీవులతో కలుషితమై కనిపించగా, తడిపి వాడే స్పాంజీల పరిస్థితి అన్నిటికంటే అధ్వానంగా ఉంది.

ప్రయోగశాలల్లో శుద్ధిని మూడు అంచెలుగా చూస్తారు: మురికిని తొలగించడం శుభ్రపరచడం, హానికర సూక్ష్మజీవులను చాలావరకు చంపడం క్రిమిసంహారం, ఒక్కటీ మిగలకుండా చేయడం నిర్జీవీకరణ. మొదటిది జరగకుండా రెండవది ఫలించదు, ఎందుకంటే జిడ్డు పొర కింద దాగిన సూక్ష్మజీవులకు మందు అందదు. అందుకే కుంచెకు ముందు సబ్బు కావాలి. సబ్బు అణువు ఒక కొస నూనెనూ, మరొక కొస నీటినీ పట్టుకొని జిడ్డును కడిగివేస్తుంది. కుచ్చును కిందికి వంచి, గోరువెచ్చని నీటిలో కొద్దిగా షాంపూతో అరచేతిలో మృదువుగా రుద్ది, నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. వెంట్రుకలను పిడికి బిగించే లోహపు పట్టీలోకి నీరు దిగితే లోపలి జిగురు వదులవుతుంది కనుక కుంచెను నానబెట్టకూడదు, తడిగా నిలువునా ఉంచకూడదు. కుచ్చు బల్ల అంచు దాటి ఉండేలా అడ్డంగా పడుకోబెట్టి ఆరనివ్వాలి. వానాకాలపు తేమలో ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది, తడి ఆరని కుచ్చులో బూజు పట్టే అవకాశముంది గనుక, ఫ్యాను గాలి తగిలేచోట ఉంచడం మేలు. అమెరికన్ చర్మవైద్యుల అకాడమీ ఏడు నుంచి పది రోజులకోసారి కుంచెలను కడగమని సూచిస్తుంది.

క్రిమిసంహారానికి ప్రయోగశాలల్లో సుపరిచితమైన 70 శాతం ఆల్కహాలు, దాదాపు నీరులేని ఆల్కహాలు కంటే మెరుగ్గా పనిచేస్తుంది. అందులోని నీరు ఆవిరి కావడాన్ని నెమ్మదింపజేసి, సూక్ష్మజీవుల మాంసకృత్తులు చెడిపోవడానికి తోడ్పడుతుంది. అయితే మేక వెంట్రుకల వంటి సహజ కుచ్చును ఆల్కహాలు ఎండబెట్టి పెళుసుగా మారుస్తుంది, నైలాన్ వంటి కృత్రిమ కుచ్చు దాన్ని ఎక్కువగా తట్టుకుంటుంది. ప్రయోగశాల పరికరాలను 121 డిగ్రీల సెల్సియస్ వేడి గల ఆవిరిలో ఒత్తిడితో ఉంచే ఆటోక్లేవ్ పద్ధతి కుంచె జిగురునూ, పిడినీ పాడుచేస్తుంది. పైగా ముఖచర్మమే నిర్జీవం కానప్పుడు దాన్ని తాకే కుంచె నిర్జీవంగా ఉండనవసరం లేదు. కనుక మూడు అంచెల్లో మొదటిది ప్రతి కుంచెకూ క్రమంగా అవసరం, రెండవది పెళ్లికూతుళ్లను అలంకరించే బ్యూటీషియన్ల వద్ద వలె ఒక ముఖం నుంచి మరో ముఖానికి కుంచె మారిన ప్రతిసారీ అవసరం, మూడవది మాత్రం తుర్కపల్లి గోడల లోపలి పనికే పరిమితం.