అసలు గొంతు

రండి, కూర్చోండి. పొద్దుగూకింది, కృష్ణ వైపు నుంచి చల్లగాలి మొదలైంది. ఇవాళ వాల్వు ఆంప్లిఫయర్ల కబుర్లు చెప్పుకుందాం. ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న మా కృష్ణా జిల్లా శ్రీకాకుళానికీ గిటారు ఆంప్లిఫయర్‌కీ ఏమిటి చుట్టరికం అంటారా? ఉందండీ. బందరు, గుడివాడ, దివిసీమ పాత ఇళ్ల అటకలు వెతికితే చెక్కపెట్టె రేడియోనో, గుడి ఉత్సవాలకూ నాటకాలకూ తిరిగిన మైకుసెట్టో ఇంకా దొరుకుతుంది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక మన పెద్దలు తెల్లవారుజామున భక్తిరంజని విన్నది అలాంటి వాల్వు సెట్లలోనే. ఆ సెట్లలో చాలావాటిలో చివర స్పీకర్ని మోగించే వాల్వు పేరు ఈఎల్84. ఇంగ్లండులో తయారైన వాక్స్ ఏసీ30 అనే గిటారు ఆంప్లిఫయర్‌లో అవే వాల్వులు నాలుగు ఉంటాయి. బీటిల్స్ కుర్రాళ్లు మోగించింది దాన్నే. మన వసారాలో రాగం తీసిన వాల్వూ, వాళ్ల వేదిక మీద ఉరిమిన వాల్వూ ఒకటే!

ఇంకా దగ్గరి ముచ్చట చెబుతాను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పాలకొల్లు నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల పిల్లవాడు తొలి కచేరీ చేశాడు. అతనే మాండలిన్ శ్రీనివాస్. మామూలు మాండలిన్‌కి జంట తీగలు నాలుగు వరసలు. మీటగానే నాదం పుట్టి అంతలోనే సన్నగిల్లుతుంది. మన గమకానికి అది చాలదు. ఒక స్వరం మీద నిలిచి ఊగడానికి నాదం ఇంకాసేపు బతికుండాలి. ఆయన జంట తీగలు వదిలి ఐదు ఒంటి తీగలు కట్టి, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఆ నిలకడ సాధించారు. చూశారా, అలాంటి వాద్యానికి ఆంప్లిఫయర్ కేవలం శబ్దం పెంచే పెట్టె కాదు, వాద్యంలో సగం. గిటారుకైనా అంతే. వీణకి బుర్ర మార్చి పాత నాదమే రావాలంటే వస్తుందా?

వాల్వు గొంతులో ఏముందని అంత మోజు అంటారేమో. గట్టిగా మీటినప్పుడు వాల్వు ఒక్కసారిగా తెగినట్టు అరవదు. శబ్దం మెల్లమెల్లగా చిక్కబడుతుంది. పైగా ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ కూడా వాల్వే అయితే, బలంగా మీటిన క్షణంలో వోల్టేజి కాస్త కుంగి మళ్లీ లేస్తుంది. ఆ కుంగుబాటు వాయించేవాడి వేళ్లకి తెలుస్తుంది. తయారుచేసినవాడు ట్రాన్స్‌ఫార్మర్నీ, కండెన్సర్లనీ, స్పీకర్నీ ఒకదానికొకటి సరిపోయేలా కూర్చితే వచ్చిన గొంతు అది. అందులో ఒకటి మారిస్తే మిగతావాటి నడకా మారిపోతుంది.

ఇక ఈ ఊళ్లోనే కూర్చుని మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఒక పోలిక చెప్పనివ్వండి. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకి వెళ్తూ ఇక్కడ ఆగితే, ఏకాదశి నాటి రాత్రి ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడనీ, అదే ఆముక్తమాల్యద అయిందనీ కదా మనం చెప్పుకుంటాం. అచ్చుయంత్రం రాకముందు ఏ కావ్యమైనా తాటాకు ప్రతుల మీదే బతికింది. వాటిలో పాఠం రెండు రకాలుగా చెడుతుంది. పురుగు తిని అక్షరం పోవడం ఒకటి, ఎవరో తమ పద్యం ఇరికించడం రెండోది. మంచి పరిష్కర్త ఈ రెంటినీ విడదీసి చూస్తాడు. పురుగు తిన్నచోట పూరిస్తాడు, ఇరికించినచోట తీసేస్తాడు. పాత ఆంప్లిఫయర్‌ని అసలు గొంతుకి తీసుకురావడం అచ్చంగా ఇదే పని. కాలం చేసిన చెరుపు వేరు, చెయ్యి చేసిన మార్పు వేరు.

ముందు కాలం సంగతి. కాగితపు కండెన్సర్లకి మన సముద్రపు తేమ బద్ధశత్రువు. తేమ పీల్చుకుని అవి కరెంటుని లీకు చేస్తాయి. ఈఎల్84 గ్రిడ్డుకి ముందున్న కండెన్సర్ అలా లీకయిందంటే వాల్వు అదుపు తప్పి, లోపలి రేకు ఎర్రగా కాలి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా వెంట తీసుకుపోతుంది. అందుకే అన్నిటికన్నా ముందు మార్చాల్సింది ఆ ఒక్క కండెన్సరే. తర్వాత ఫిల్టర్ కండెన్సర్లు. అవి ఎండిపోతే స్పీకర్లో గుర్రుమని హమ్ము. పాత కార్బన్ రెసిస్టెన్సులు ఏళ్లు గడిచేకొద్దీ రాసిన విలువ దాటి పైకి పోతాయి. ఉప్పుగాలికి వైండింగుల సన్నతీగ పచ్చబడి తెగుతుంది. ఇవన్నీ మార్చడం గొంతు మార్చడం కాదు, గొంతులో అడ్డుపడ్డదాన్ని తీయడం.

ఇక చేతి మార్పులు. మన సెట్లలో తరచుగా కనిపించేది రెక్టిఫయర్ వాల్వు పీకి రెండు డయోడ్లు వేయడం. వాల్వులో పోయే వోల్టేజి డయోడ్లలో పోదు. దాంతో లోపలి వోల్టేజి పదుల వోల్టులు పెరిగి, సెట్టు బిగుసుకుని మోగుతుంది. అమెరికాలో కథ మరోలా నడిచింది. గిటార్లూ ఆంప్లిఫయర్లూ తయారుచేసే లియో ఫెండర్ తన కంపెనీని 1965 జనవరిలో సీబీఎస్ అనే సంస్థకి అమ్మాడు. ఆ దశాబ్దం చివరికి ఫెండర్ ఆంప్లిఫయర్ల ముందుపలక నలుపు పోయి వెండిరంగు వచ్చింది, కొన్నిటి లోపలి సర్క్యూటూ మారింది. వాటిని పాత నల్లపలకల సర్క్యూటుకి మళ్లించే మెకానిక్కులు నేటికీ ఉన్నారు. 1970ల్లోనూ ఆ తర్వాతా గిటారు మరింత గరగరలాడాలని అదనపు వాల్వు దశలూ, మాస్టర్ వాల్యూములూ పెట్టించుకున్నవాళ్లు అనేకులు. ఫెండర్ వాళ్ల బేస్‌మ్యాన్ అనే ఆంప్లిఫయర్ సర్క్యూటుని చూసే కదా లండన్లో జిమ్ మార్షల్ బృందం 1962లో తమ మొదటి ఆంప్లిఫయర్ కట్టింది! కాబట్టి మార్చడం పాపమని నేననను. మార్షల్‌ది కొత్త కావ్యం. ఉన్న ఆంప్లిఫయర్ని కుళ్లబొడవడం వేరు.

ఏది అసలుదో ఎలా తెలుస్తుందంటారా? పెట్టే చెబుతుంది. పాత సోల్డరింగు మసకబారి ఉంటుంది, కొత్తది మెరుస్తుంది. గుడ్డ తొడుగు తీగల మధ్య ప్లాస్టిక్ తీగ కనిపిస్తే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారు. ఛాసిస్‌లో, అంటే లోపలి లోహపు చట్రంలో, గరుకు అంచుల కన్నం ఫ్యాక్టరీ కన్నం కాదు. అమెరికన్ సెట్టయితే వాల్యూము వెనక అంకెలు చదవండి. 1376512 అని ఉందనుకోండి, 137 అంటే సీటీఎస్ కంపెనీ, తర్వాతది 1965వ సంవత్సరం 12వ వారం. వీటన్నిటినీ సర్క్యూట్ డయాగ్రంతో సరిచూసుకున్నాకే కట్టరు పట్టాలి.

అయితే తిరగదోడకూడని మార్పులూ ఉన్నాయండోయ్. రెండు పిన్నుల తీగ తీసి మూడు పిన్నుల ఎర్తు ఎవరైనా వేసి ఉంటే చేతులెత్తి దండం పెట్టి అలాగే ఉంచండి. పాత అమెరికన్ ఆంప్లిఫయర్లలో మెయిన్స్ నుంచి ఛాసిస్‌కి ఒక కండెన్సర్ ఉంటుంది. అది షార్టయితే గిటారు తీగల్లోకే కరెంటు వస్తుంది. అసలుదే అయినా దాన్ని తీసేయాలి. 117 వోల్టుల సెట్టుని మన 230కి స్టెప్‌డౌన్ లేకుండా తగిలించనే వద్దు. మనకి కావలసింది అసలు గొంతు, అసలు ప్రమాదం కాదు.

ఇంకొక మాట మనసులో ఉంది. డయోడ్లు వేసిన మన మెకానిక్కుల్ని తిట్టుకోకండి. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు వాల్వులు తయారుచేసేది. తర్వాత ట్రాన్సిస్టర్ల కాలం వచ్చి వాల్వు దొరకడమే గగనమైంది. తెల్లారితే కల్యాణం, మైకు మోగాలి. బజారులో దొరికినదాంతో సెట్టుని బతికించి పంపారు వాళ్లు. ఆ పుణ్యం వల్లే ఇవాళ మనం బాగుచేసుకోవడానికి ఒక పెట్టంటూ మిగిలింది.

మీ అటక మీదా ఒకటుందా? మోజుకొద్దీ దించి ప్లగ్గు పెట్టకండి. ముందు లోపలంతా ఫొటోలు తీయండి. పని తెలిసిన మెకానిక్కుకి ఇచ్చి, మొదటిసారి సీరీస్ బల్బు మీదే వెలిగించమనండి. లోపల వందల వోల్టులు ఉంటాయి, తీగ పీకేశాక కూడా కండెన్సర్లలో నిలిచి ఉంటాయి, మీరు మాత్రం చెయ్యి పెట్టవద్దు. పీకిన ప్రతి భాగాన్నీ కవరులో వేయించి, ఏది ఎక్కడిదో రాయించి, పెట్టెలోనే ఉంచండి. ఒరిజినల్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకరు బతికుంటే ప్రాణం పోయినా మార్చనివ్వకండి. కోను చిరిగితే అతికించవచ్చు. ఇంతకన్నా బాగా మోగేలా చేసిపెడతానని ఎవరైనా అంటే, వద్దని మర్యాదగా చెప్పండి. బాగా మోగే పెట్టెలు బజారు నిండా ఉన్నాయి. ఈ పెట్టెలా మోగేది ఇదొక్కటే.