విరాళానికి వడ్డీ

నేను కామర్సు చదువుకున్నవాణ్ణి. ముప్ఫై ఏళ్లుగా బ్యాంకు ఉద్యోగం. కళలతో నాకున్న చుట్టరికమల్లా గోడమీది క్యాలెండరు బొమ్మలతోనే. పుట్టింది షోలాపూరు పద్మశాలి వాడలో, పనిచేస్తున్నది పుణెలో. ఇలాంటివాడు ఒక కళా మ్యూజియానికి చందాలు పోగుచేసే కమిటీకి పెద్ద ఎలా అయ్యాడని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది.

ఆరేళ్ల క్రితం ఆ చిన్న మ్యూజియం ట్రస్టువారు మా బ్రాంచికి వచ్చి, "మీరు డిపాజిట్లు తెస్తారు గదా, మాకు విరాళాలు తెచ్చిపెట్టండి" అన్నారు. రెండూ ఒకటే అనుకున్నాను. బ్యాంకు అనుమతి తీసుకుని, జీతం లేని ఆ పని నెత్తికెత్తుకున్నాను.

వారం తిరక్కుండానే తేడా తెలిసివచ్చింది. డిపాజిట్ అడగడం తేలిక. వడ్డీ ఎంతో చెబుతాం, గడువు తీరాక సొమ్ము తిరిగి ఇస్తాం. విరాళం ఇచ్చినవాడికి అసలూ రాదు, వడ్డీ రాదు. మరి ఏం చెప్పి అడగాలి?

పెద్దలు ఎలా చేశారో చూద్దామని ముంబయి వెళ్లాను. ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయానికి 1905లో పునాదిరాయి పడింది. కట్టడానికి ప్రభుత్వం 3 లక్షలిస్తే, సర్ కరీంభాయ్ ఇబ్రహీం ఒక్కరే మరో 3 లక్షలిచ్చారు. సర్ కావస్జీ జహంగీర్ 50 వేలిచ్చారు. సర్ రతన్ టాటా సేకరించిన కళాఖండాలు 1921లో, సర్ దొరాబ్ టాటావి 1933లో దానికే చేరాయి. ఇదంతా తెలుసుకుని నేను నేర్చిన నీతి ఒక్కటే: పెద్ద తలుపులే తట్టాలి.

తట్టాను. కలవాళ్ల జాబితా ఒకటి రాసుకుని, మార్చి నెలలో బాకీదారుల వెంట పడ్డట్టు పడ్డాను. దాతలు మొదట అడిగేది "ఎనభై జీ" కాగితం. నగదు 2000 రూపాయలు మించితే ఆ మినహాయింపు రాదని, కొత్త పన్ను విధానంలోకి వెళ్లినవాళ్లకు అసలే లేదని గడగడా అప్పజెప్పేవాణ్ణి. ఆ మాటకే కొందరు జేబులోంచి తీయబోయిన చెయ్యి అక్కడే ఆపేవారు.

చివరికి ఒక పారిశ్రామికవేత్త 15 లక్షలు ఇస్తానన్నాడు. మా కప్పు వానాకాలమంతా కారుతోంది. ఆ డబ్బుతో కప్పు మొత్తం మార్చేయవచ్చు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. చిత్రాల గదిలో, నడిమి గోడమీద, వాళ్ల నాన్నగారి పటం వేలాడాలి. నేను సరేననే చెప్పాను. మా క్యూరేటరమ్మ ఒప్పుకోలేదు.

"ఒక్క పటానికి 15 లక్షలు పోగొట్టుకుంటామా అమ్మా?" అన్నాను. ఆమె వాదించలేదు. బాజీరావు రోడ్డులో ఉన్న రాజా దినకర్ కేల్కర్ మ్యూజియానికి నన్ను వెంటబెట్టుకెళ్లింది. దినకర్ కేల్కర్ కళ్లజోళ్ల వ్యాపారం చేసుకుంటూ దీపాలు, అడకత్తెరలు, వాద్యాలు ఊరూరా తిరిగి సేకరించిన మనిషి. 1975లో ఆ సంపదనంతా మహారాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చేశాడు. దానికి పెట్టింది చిన్నతనంలోనే పోయిన కొడుకు రాజా పేరు. తాను కవిత్వం రాసుకున్నది మాత్రం 'అజ్ఞాతవాసి' అన్న పేరుతో.

"పేరు అడగడం తప్పు కాదండీ. ఈ ఇల్లే ఒక బిడ్డ జ్ఞాపకం. కప్పు వేయించినవారి పేరు గుమ్మం దగ్గర రాద్దాం. కానీ గోడమీద ఏముండాలో డబ్బిచ్చినవారు చెబితే, అది మ్యూజియం కాదు, వాళ్లిల్లు" అంది.

పారిశ్రామికవేత్తకు గుమ్మం సరిపోలేదు. 15 లక్షలు వెళ్లిపోయాయి. ఆమె మాట న్యాయమని తెలిసినా, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఆ మార్చిలోనే లెక్కలు ముగించడానికి కూర్చున్నాను. మూడేళ్లుగా నెలనెలా 200 రూపాయలు నగదుగా జమ అవుతున్న పద్దు ఒకటి కనబడింది. నాలుగు నెలలుగా ఆ జమ లేదు. ఇంటిపేరు చూస్తే మనవాళ్లే. గుమాస్తా రసీదు రాసిచ్చేవాడు, ఆయన పట్టుకెళ్లేవాడు. మూడేళ్లలో నేనొక్కసారి కూడా ఆ మనిషిని చూడలేదు. 15 లక్షలాయనకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో లెక్కే లేదు.

రసీదు మీది చిరునామా పట్టుకుని భవానీ పేటకు వెళ్లాను. తలుపు తీసినాయనకు ఎనభై దాటి ఉంటాయి. మరాఠీలో మొదలుపెట్టి నా పేరు చెప్పగానే ఆయన మన భాషలోకి దిగాడు. కూర్చోమనకముందే అడిగాడు.

"ఏం బిడ్డా, చీర అమ్ముకున్నరా?"

నాకు అర్థం కాలేదు.

"అద్దాల పెట్టెల ఒక పట్టుచీర ఉండె. దాన్ని చూసెతందుకే నేనొచ్చేది. పోయిన దీపావళికి వస్తే పెట్టె ఖాళీ. కావలోన్ని అడిగితే తెల్వదన్నడు. అమ్ముకునెటోళ్లకు నా పైసలెందుకని ఊకున్న."

చీర ఎక్కడికీ పోలేదు. వెలుతురుకు పాత బట్టల రంగు వెలిసిపోతుంది. అందుకని కొన్నాళ్లు చూపి, కొన్నాళ్లు చీకట్లో దాచి ఉంచుతారు. ఆ ముక్క పెట్టె మీద ఒక కాగితం అంటిస్తే సరిపోయేది. ఆదాయపు పన్నే లేని మనిషికి మినహాయింపుతో పనేముంది? ఆయనకు కావలసింది ఆ ఒక్క కబురే. రసీదు ఇచ్చాం గదా, పని అయిపోయిందనుకున్నాను నేను.

మర్నాడు ఆయన్ను సామాను గదికి తీసుకెళ్లాం. మడత పెడితే మడత దగ్గర చీలుతుందని చీరను లావుపాటి గొట్టానికి, మధ్యన పల్చటి గుడ్డ వేసి చుట్టి ఉంచారు. క్యూరేటరమ్మ ఒక మూర విప్పింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, అంచూ నడిమి బట్టా కలిసేచోట చాలాసేపు చూశాడు.

"ఇది మూడు నాడెల పని. ఒక్కని వల్ల కాదు. మగ్గం మీద ఒగడు, అవతలి అంచుకాడ ఒక పిలగాడు. నేను మా నాయనకు అట్లనే నాడె అందించిన" అన్నాడు.

పెట్టెలో ఉండే చీటీ మీద అంతవరకూ "చేనేత పట్టుచీర. నేసినవారు తెలియదు" అని ఉండేది. ఇప్పుడు "మూడు నాడెల నేత. ఇద్దరు నేసినది. పేర్లు తెలియవు" అని ఉంది.

కప్పు బాగుకు చిన్న చిన్న మొత్తాలతో రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఎంత ఇచ్చినవారికైనా ఏడాదికి రెండుసార్లు ఉత్తరం రాస్తాం. మీ డబ్బు దేనికి ఖర్చయింది, ఏ వస్తువు ఎక్కడుంది, ఎందుకు తీశాం, ఇంతే. విరాళానికి మేము కట్టగల వడ్డీ అదే.

మొన్న ఆ పెద్దాయన 200 బదులు 250 ఇచ్చాడు. ఎందుకని నేను అడగలేదు. రసీదు నేనే రాసిచ్చి, చీర మళ్లీ ఏ నెలలో పెట్టెలోకి వస్తుందో చెప్పాను.