చివరి పదిహేను సెకన్లు

ఆదివారం మధ్యాహ్నాలు మా ఊళ్ళోని తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఒక దృశ్యం మామూలుగా కనిపిస్తుంది. కింద బేస్‌మెంట్‌లో పెద్ద టీవీ ముందు మగవాళ్ళు. పైన వంటింట్లో ఆడవాళ్ళు. మధ్యలో మెట్లమీద పిల్లలు. నేను చాలాకాలం ఈ మెట్లమీది మనిషిని. మిరపకాయ బజ్జీల పళ్ళెం పట్టుకుని కిందికి దిగడం, టీవీ వంక చూస్తూ అవసరమైన దానికన్నా రెండు నిమిషాలు ఎక్కువ నిలబడిపోవడం, "వదినా, చట్నీ అయిపోయింది" అని ఎవరో అంటే మళ్ళీ పైకెక్కడం.

ఒకసారి అలా నిలబడి, "ఇప్పుడు పరుగు పెట్టించరు, స్క్రీన్ పాస్ వేస్తారు చూడండి" అన్నాను. వేశారు. పన్నెండు గజాలు వచ్చాయి. గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. "భలే గెస్ చేశారే!" అన్నారు మా ఆయన స్నేహితుడు. గెస్ కాదండీ, చదివాను అని చెప్పాలనిపించింది. ఎదుటి జట్టువాళ్ళు మూడు ఆటలుగా ముందుకి దూకుతున్నారు, వాళ్ళ వెనక అంతా ఖాళీ, ఆ ఖాళీలోకి బంతి వేయకపోతే ఆశ్చర్యపోవాలి అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. పైకి వెళ్ళి ఇంకో వాయి బజ్జీలు వేశాను.

ఒక వాక్యాన్ని చదివి దాని వెనక ఏముందో చెప్పడం నా చదువు. హైదరాబాద్‌లో తెలుగు స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్.డి. చేశాను. సిద్ధాంత గ్రంథంలో నేను చెప్పింది విశ్లేషణ. బేస్‌మెంట్‌లో చెప్పింది గెస్. ఈ తేడా ఎక్కడ పుట్టిందో పత్రిక చదువరులకి నేను వేరే చెప్పక్కర్లేదు.

2016లో హెచ్-4 వీసా మీద మిషిగన్ వచ్చాను. భర్త ఉద్యోగానికి తోకలా అతుక్కుని వచ్చే వీసా అది. 2015 నుంచి కొంతమంది భార్యలకి పనిచేసుకునే అనుమతి ఇస్తున్నారు గానీ, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే ఇస్తారు. మాది ఆ దశ దాటడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ నేను ఏమీ చేయని మనిషిని. అంటే వండటం, కడగటం, బిడ్డని కనటం, పెంచటం తప్ప ఏమీ చేయలేదన్నమాట.

ఫుట్‌బాల్ నాకు నేర్పింది మా పక్కింటావిడ. డెబ్భై దాటిన తెల్లావిడ. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయింది. ఒంటరి మనిషి. ఆవిడ జట్టు డిట్రాయిట్ లయన్స్. 1957 డిసెంబరులో లయన్స్ క్లీవ్‌లాండ్ మీద 59-14తో గెలిచి ఛాంపియన్లయినప్పుడు ఆవిడకి పన్నెండేళ్ళు. ఆ తర్వాత మళ్ళీ ఛాంపియన్‌షిప్ లేదు. 2008లో ఆడిన పదహారు ఆటలూ ఓడిపోయారు. లీగ్‌లో పదహారుకి పదహారూ ఓడిన మొదటి జట్టు అదే. "మరి ఎందుకు చూస్తారు?" అని అడిగాను, కొత్తలో. "నువ్వు ఎవరూ కొనని పుస్తకాల మీద డాక్టరేట్ ఎందుకు చేశావు?" అంది. ఆ రోజు నుంచీ మేం స్నేహితులం.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని పట్టుకుని ఎదుటివాళ్ళ నేలమీదికి చొచ్చుకుపోవాలి. మన చెడుగుడుకి దగ్గరి చుట్టం. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు గెలుచుకుంటే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. మూడు డౌన్లు అయిపోయి ఇంకా రెండు గజాలు మిగిలాయనుకోండి, అప్పుడు మూడు దారులు. బంతిని దూరంగా తన్నేసి ఎదుటివాళ్ళకి అప్పగించడం. గోలు దగ్గరలో ఉంటే ఫీల్డ్ గోల్ కొట్టి మూడు పాయింట్లతో తృప్తిపడటం. లేదా ఆ రెండు గజాల కోసం తెగించడం. తెగించి ఓడితే బంతి అక్కడికక్కడే ఎదుటివాళ్ళ పాలు.

ఏ దారి, ఏ ఆట అన్నది నిర్ణయించడమే ప్లే కాలింగ్. ప్లే కాలర్ కోచ్. మైదానం పక్కనో, పైన గాజు గదిలోనో ఉంటాడు. 1994 నుంచీ క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న రేడియో పెడుతున్నారు. కోచ్ చెప్పేది నేరుగా అతని చెవిలో పడుతుంది. అయితే ఒక నియమం ఉంది. ఆట మొదలవడానికి గడియారంలో పదిహేను సెకన్లు మిగిలేసరికి ఆ రేడియో ఆగిపోతుంది. ఇక చెవిలో ఎవరూ ఉండరు. ఎదురుగా ఉన్నవాళ్ళని చూసి, చెప్పిన ఆట పనికిరాదనుకుంటే అతనే మార్చుకోవచ్చు.

ఈ సంగతి పక్కింటావిడ చెప్పినప్పుడు నేను చాలాసేపు దాన్నే ఆలోచించాను. నా చెవిలో రేడియో ఎప్పుడు ఆగింది? అమ్మ గొంతు, అత్తగారి గొంతు, "ఆడపిల్లకి అంత చదువెందుకు" అన్న మేనమామ గొంతు, "ఇక్కడ తెలుగు చదువుతో ఏం చేస్తావు" అన్న చుట్టాల గొంతు. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. అందరూ నా మేలు కోరే ప్లే కాలర్లే. కానీ పదిహేను సెకన్ల నియమం వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

2024 జనవరిలో లయన్స్‌కి రోజులు మారాయి. జనవరి 14న సొంత ఊళ్ళో లాస్ ఏంజెలెస్ రామ్స్‌ని 24-23తో ఓడించారు. 1992 జనవరి తర్వాత ప్లేఆఫ్స్‌లో అదే మొదటి గెలుపు. ముప్ఫై రెండేళ్ళు! పక్కింటావిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాతి వారం టాంపా మీద గెలిచారు. ఇంకొక్కటి గెలిస్తే సూపర్ బౌల్. లయన్స్ ఒక్కసారి కూడా చూడని సూపర్ బౌల్.

అదే వారం నాకొక ఉత్తరం వచ్చింది. పక్క రాష్ట్రం ఒహాయోలో ఒక యూనివర్సిటీలో మూడేళ్ళ లెక్చరర్ ఉద్యోగం. మా ఇంటికి మూడు గంటల దారి. అప్పటికి నాలుగేళ్ళకి పైగా నేను ఇక్కడే పార్ట్‌టైమ్‌గా, సెమిస్టర్‌కో కాగితం మీద సంతకం పెడుతూ పాఠాలు చెబుతున్నాను. బుధవారంలోగా జవాబివ్వాలి. మా పాపకి ఆరేళ్ళు. "అమ్మాయ్, పిల్ల చిన్నది. ఉన్నది చాలదా?" అంది అమ్మ ఫోన్లో. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. పెళ్ళయిన ఆడవాళ్ళకి ఈ మాట అర్థం తెలుసు. నిర్ణయం నీది అని కాదు, రేపు ఏం జరిగినా పూచీ నీది అని.

జనవరి 28, ఆదివారం. శాన్ ఫ్రాన్సిస్కో జట్టు మీద ఆట. సగం అయ్యేసరికి లయన్స్ 24-7తో ముందున్నారు. పక్కింటావిడ సోఫా అంచున కూర్చుని ఉంది, వెనక్కి వాలితే అదృష్టం జారిపోతుందన్నట్టు. మూడో క్వార్టర్‌లో 24-10 దగ్గర నాలుగో డౌన్ వచ్చింది. రెండు గజాలు కావాలి. ఫీల్డ్ గోల్ కొడితే పదిహేడు పాయింట్ల ఆధిక్యం. కోచ్ డాన్ క్యాంప్‌బెల్ తెగించాడు. బంతి ఆటగాడి చేతుల్లోంచి జారిపోయింది. అక్కడి నుంచి అంతా తలకిందులు. నాలుగో క్వార్టర్‌లో 27-24తో వెనకబడ్డాక మళ్ళీ నాలుగో డౌన్. మూడు గజాలు. ఫీల్డ్ గోల్ కొడితే సమం. మళ్ళీ తెగించాడు. మళ్ళీ పోయింది. చివరికి 34-31తో ఓడారు.

మర్నాడు ప్రతివాళ్ళూ ఆ రెండు నాలుగో డౌన్ల గురించే. ధైర్యమా, మూర్ఖత్వమా? పక్కింటావిడ మాత్రం విసుక్కుంది. "వాటిని రెండు రకాలుగానూ సమర్థించొచ్చు. బంతి పట్టుకునుంటే అందరూ అతన్ని మేధావి అనేవాళ్ళు. నా కోపం దాని మీద కాదు" అంది. ఆవిడ కోపం చివరి నిమిషం మీద. పది పాయింట్లు వెనక ఉండి, గోలుకి ఒక్క గజం దూరంలో, మూడో డౌన్‌లో పరుగు పెట్టించారు. అది అడ్డుకున్నారు. గడియారం ఆపడానికి ఒక టైమవుట్ ఖర్చయింది. తర్వాతి డౌన్‌లో టచ్‌డౌన్ వచ్చింది గానీ, ఆ టైమవుట్ చేతిలో లేకపోవడంతో ఎదుటివాళ్ళని ఆపి బంతి వెనక్కి తెచ్చుకునే మామూలు దారి మూసుకుపోయింది. "తెగించడం తప్పు కాదు. టైమవుట్‌ని పారేసుకోవడం తప్పు" అంది ఆవిడ, టీ కప్పు కడుగుతూ. నా ఉత్తరం సంగతి ఆవిడకి అప్పటికి తెలీదు.

నా టైమవుట్లు లెక్కపెట్టుకున్నాను. వీసా కోసం మూడేళ్ళు. సెమిస్టర్ కాగితాల మీద నాలుగేళ్ళు. మనం ధైర్యం గురించీ త్యాగం గురించీ చాలా రాసుకున్నాం. ఖర్చయిపోయిన సమయం గురించి మాత్రం లెక్క అడగం, ఎందుకంటే ఆడవాళ్ళ సమయానికి గడియారం ఎవరూ పెట్టలేదు. బుధవారం ఒప్పుకుంటున్నానని జవాబు రాశాను.

ఇంతకీ ఓడిన కోచ్‌కి ఏమైంది? 2024 మే నెలలో అతని కాంట్రాక్టుని 2027 దాకా పొడిగించారు. అంతకుముందు అతను మొదటి ఏడాది మూడే గెలిచాడు. రెండో ఏడాది మొదటి ఏడు ఆటల్లో ఆరు ఓడాడు. అయినా ఓపికపట్టారు. ఆ ఓపికని నేను తప్పుపట్టను. ఫలితం కనిపించింది కదా. కానీ ఆ ఓపిక అందరికీ దొరకదు. ఇదే జట్టుకి 2014 నుంచి 2017 దాకా జిమ్ కాల్డ్‌వెల్ అనే నల్లజాతి కోచ్ ఉండేవాడు. 36 గెలిచి 28 ఓడాడు, రెండుసార్లు ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళాడు. తొమ్మిది గెలిచి ఏడు ఓడిన సీజన్ తర్వాత తీసేశారు. ఎవరి ఓటమి పాఠం అవుతుందో, ఎవరి ఓటమి తీర్పు అవుతుందో ముందే రాసిపెట్టి ఉంటుందేమో. నా తెగింపు విఫలమైతే దాన్ని ధైర్యం అనేవాళ్ళు మా చుట్టాల్లో ఒక్కరూ ఉండరు. "చెప్పామా?" అంటారు.

ఈ ఓపిక పట్టిన యజమాని స్త్రీ అని చెబితే స్నేహితురాళ్ళు సంతోషిస్తారు. నిజమే. 2014లో భర్త పోయాక మార్తా ఫోర్డ్‌కి జట్టు దక్కింది. 2020లో ఆవిడ కూతురు షీలా ఫోర్డ్ హాంప్ చేతికి వచ్చింది. కానీ వారసత్వంగా వచ్చిన కోట్ల ఆస్తిని స్త్రీ విముక్తి అనుకునేంత అమాయకత్వం నాకు లేదు. ప్లే కాలింగ్ సంగతి వేరు, అది వారసత్వంగా రాదు. 2015లో సారా థామస్ ఈ లీగ్‌లో మొదటి శాశ్వత మహిళా అఫీషియల్ అయింది. 2020లో కేటీ సోవర్స్ సూపర్ బౌల్‌లో కోచ్‌గా పనిచేసిన మొదటి స్త్రీ అయింది. అయినా ఇప్పటివరకూ ఈ లీగ్‌లో ఏ జట్టుకీ ఆట పిలిచే బాధ్యత ఒక స్త్రీకి ఇవ్వలేదు. జట్టుని సొంతం చేసుకోవచ్చు, నియమం తప్పితే ఈల వేయవచ్చు. ఆ చెవిలో గొంతు మాత్రం ఇంకా మగగొంతే.

నాకు ఇబ్బంది లేదనను. ఈ ఆట తలల్ని బద్దలుకొడుతుంది. దెబ్బలు తిన్న మెదళ్ళతో మతి పోగొట్టుకున్న ఆటగాళ్ళున్నారు. వాళ్ళకిచ్చే పరిహారం లెక్కల్లో నల్ల ఆటగాళ్ళ తెలివితేటలు మొదట్నుంచీ తక్కువేనని ఊహించుకునే కొలమానం వాడారు. గొడవయ్యాక 2021లో దాన్ని మానుకుంటామన్నారు. దశాబ్దాలపాటు చీర్‌లీడర్లు లేకుండా నడిచిన లయన్స్ కూడా 2016లో వాళ్ళని తెచ్చిపెట్టుకున్నారు. ఇన్ని తెలిసీ ఎందుకు చూస్తావని నన్ను నేనే అడుగుతాను. పితృస్వామ్యం నిండిన కావ్యాల్ని కూడా చదువుతూనే ఉన్నాం కదా అని ఒక జవాబు. కానీ కావ్యం చదివితే ఎవరి మెదడూ చెదరదు. అంచేత ఆ జవాబు నాకే పూర్తిగా నచ్చదు.

2024లో పదిహేను ఆటలు గెలిచి, 2025 జనవరిలో ప్లేఆఫ్స్ మొదటి ఆటలోనే వాషింగ్టన్ చేతిలో 45-31తో ఓడారు. ఆట పిలిచే బెన్ జాన్సన్ షికాగోకి హెడ్ కోచ్‌గా వెళ్ళిపోయాడు. 2025 సీజన్ మధ్యలో క్యాంప్‌బెల్ ఆ పని తనే తీసుకున్నాడు. క్రిస్మస్ రోజు మినెసోటాలో 23-10తో ఓడి, ఆశలు వదులుకున్నారు. ఆ సాయంత్రం పక్కింటావిడ ఇంట్లో మా పాప కూడా మాతో కూర్చుంది. "అమ్మా, ఇప్పుడు తన్నేస్తారా, వెళ్తారా?" అని అడిగింది. ఎందుకనుకుంటున్నావో ముందు నువ్వు చెప్పు అన్నాను. చెప్పింది. తప్పు చెప్పింది. గెస్ అని మాత్రం అనలేదు నేను.

సోమవారం తెల్లవారుజామున ఒహాయో వెళ్తాను, గురువారం రాత్రి తిరిగొస్తాను. దారిలో అమ్మ ఫోన్ చేస్తే మాట్లాడతాను, క్లాసుకి పదిహేను నిమిషాల ముందు పెట్టేస్తాను. పాప నా మీద అలిగే రోజులున్నాయి. మా ఆయన బజ్జీలు వేయడం నేర్చుకోలేదు గానీ పప్పు బాగా చేస్తున్నాడు. నా కాంట్రాక్టు 2027 మేతో అయిపోతుంది. పొడిగిస్తారా అంటే, లయన్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్తారా అన్నట్టే ఉంది. మా చేతిలో ఉన్నది కొంత, లేనిది చాలా.

నేను వేసిన ఆట సరైనదో కాదో నాకింకా తెలీదు. పిలిచింది మాత్రం నేనే.